పందికి ఏ తూటా, ఎవరి చేతిలో?

శెనక్కాయ ఊడలు దిగిన నాటి నుంచి పలమనేరు, పుంగనూరు, బంగారుపాళెం పల్లెల్లో రైతుకు రాత్రి నిద్ర లేదు. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి పడితే చేను మడక తోలినట్టే ఉంటుంది. చెరుకు తోటైతే లోపలే కాపురం పెడతాయి.

దీనికి మనవాళ్లు దొంగచాటుగా వాడేవి మూడు: నాటు తుపాకీ, నాటు బాంబు, కరెంటు తీగ. బాంబు కొరికి నోరు పగిలేది మేతకు పోయిన ఆవుకే. తీగ తగిలి చచ్చేది తెల్లారుజామున మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతే. ఇక నాటు తుపాకీలో మందు అందాజుగా కూరి, సీసం ముక్కలో సైకిల్ బాల్సో పోస్తారు. ముదురు మగపంది భుజం మీద చర్మం మందం. రవ్వలు అక్కడే ఇరుక్కుంటాయి, ప్రాణం పోదు. గాయపడిన పంది పొదలో దాక్కుని, మర్నాడు గడ్డి కోసే ఆడమనిషి మీద పడుతుంది. పైగా లైసెన్సు లేని తుపాకీ దొరికితే ఆయుధాల చట్టం కింద కనీసం రెండేళ్ల జైలు.

సరైన పద్ధతి చెప్పుకుందాం. 12 బోరు తుపాకీలో పిట్టల కోసం చేసిన సన్న రవ్వల తూటా పందికి పనికిరాదు. ఎల్‌జీ పెద్ద రవ్వలు కావాలి, లేదా ఒంటి గుండు. అదీ ముప్పై అడుగుల్లోపు దూరంలో, మంచె మీద నుంచి కిందికి కాల్చాలి. తప్పినా గుండు నేలలో దిగుతుంది. .315 రైఫిల్ గుండు కిలోమీటరు దాటి పోగలదు. ఊరు ఆనుకుని ఉన్న మన కయ్యల్లో అది వద్దనే మా మాట. మామండూరు అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ దొర .405 వించెస్టర్ పట్టుకున్నాడంటే అది పులి కోసం.

చట్టం మనకు పూర్తిగా తలుపు మూయలేదు. పంట కాపలాకు లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షనే చెబుతోంది. అయితే లైసెన్సు వేరు, కాల్చే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద పంటకు ముప్పు ఉంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, కూరకు కాదు. ఉన్న తుపాకీ కూడా ఎన్నికలొస్తే స్టేషన్లో పెట్టాలి. పందికి ఎన్నికల కోడ్ తెలియదు కదా!

కేరళ 2022లో ఈ అధికారం పంచాయతీ అధ్యక్షులకే ఇచ్చింది. బాంబు, విషం, కరెంటు వాడరాదని షరతు పెట్టింది. మన దగ్గర కూడా అలాగే మండలానికి శిక్షణ పొందిన లైసెన్సుదారులను పెట్టి, తూటా ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఏనుగుల సంగతి వేరు. వాటి మీద తుపాకీ మాటే ఎత్తకూడదు. 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీలను కౌండిన్య అంచు పల్లెల్లో సక్రమంగా తిప్పమనే అడుగుతున్నాం.

పంట పోయిన సభ్యులు చేను ఫొటో, సర్వే నంబరు, నష్టపోయిన విస్తీర్ణం రాసి మండల సంఘానికి ఇవ్వండి. అన్నీ కలిపి కలెక్టరు, డీఎఫ్‌ఓలకు ఒకే అర్జీగా పెడదాం.