విజిల్‌కు కులం లేదు, మార్కుల కాగితానికి ఉంది

ఆటగాడికి స్కోరు ఉంటుంది. రెఫరీకి ఉండదు. గోల్ కొట్టినవాడు ఎంత గిట్టనివాడైనా గోల్‌ను లెక్కలో రాయాల్సిందే. రెఫరీ పైకి రావాలంటే మాత్రం గట్టున కూర్చున్న పరిశీలకుడు రాసే కాగితమే దిక్కు. ఆ కాగితంలో ‘పర్సనాలిటీ’, ‘అప్పియరెన్స్’ అనే గడులకు చోటున్నంతకాలం కులం దొడ్డిదారిన లోపలికి వస్తూనే ఉంటుంది.

నేను సాలువాలో ఉంటాను. ఖరగ్‌పూర్ రైల్వే పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన దళిత కుటుంబంలో మూడో తరం వాణ్ణి. స్థానిక ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీని. సాలువాలో యూనిఫాం కొత్త కాదు, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం ఇక్కడే ఉంది. జవానుకు బట్టలు ప్రభుత్వం ఇస్తుంది. రైల్వేలో సఫాయి పని చేసిన మా నాన్నకూ ఇచ్చారు. కానీ ఆ బట్టలు చూస్తే వీధి చివరి నుంచే మా కులం తెలిసిపోయేది. రెఫరీ చొక్కా ఆ గుర్తును చెరిపేయాలి. చెరపడం లేదు.

ఎందుకంటే చొక్కా, నిక్కరు, మేజోళ్లు, బూట్లు, వాచీ అన్నీ మా సొంత ఖర్చే. ఒక మ్యాచ్‌కు మాకిచ్చే డబ్బు కన్నా బూట్ల ధర ఎక్కువ. రంగు వెలిసిన చొక్కాతో వస్తే ‘నీట్‌గా లేడు’ అని రాస్తారు. ఒకసారి నా నిర్ణయాల్లో ఒక్క తప్పూ చూపించలేదు, అయినా పై స్థాయికి పంపలేదు. ఎందుకని అడిగితే ‘ప్రెజెంటబుల్ కాదు’ అన్నారు. నల్లటి ఒళ్లు, బక్క మనిషి, తెలుగు యాసతో బెంగాలీ. ఇవన్నీ ఆ ఒక్క మాటలో చుట్టేశారు.

రెఫరీ దగ్గర ఏమేం ఉండాలో ఫుట్‌బాల్ ఐదో నిబంధన చెబుతుంది: విజిల్, వాచీ, ఎర్ర కార్డు, పసుపు కార్డు, రాసుకునే పుస్తకం. ఒంటి రంగు అందులో లేదు. యాస లేదు.

చండాలుడు శవాల మీది బట్టలే కట్టాలన్నది మనుస్మృతి పదో అధ్యాయం. బట్ట చూసి మనిషిని పక్కన పెట్టే చట్టం అది. అందుకే 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో, అంటరానితనాన్ని చాటే కట్టునూ నగలనూ వదిలేయమన్నారు. ‘ఆయనా సూటు వేసుకున్నారు కదా, నువ్వూ బాగా తయారవ్వు’ అని ఇప్పుడు మనకే సుద్దులు చెబుతున్నారు. తయారవుతాం. కానీ ఆయన సూటు ఆత్మగౌరవం, ఎవరో వేసే మార్కుల కోసం తొడిగింది కాదు.

బాగా తయారైతే చాలనేవాళ్లు ఎమ్మెట్ యాష్‌ఫోర్డ్ గురించి తెలుసుకోవాలి. కఫ్‌లింకులు, తళతళలాడే బూట్లు ఈ అమెరికన్ బేస్‌బాల్ అంపైర్ ప్రత్యేకత. అయినా నల్లవాడు కాబట్టి 1951 నుంచి చిన్న లీగుల్లోనే ఉండిపోయాడు. మేజర్ లీగ్ తలుపు 1966లో తెరుచుకుంది, అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ తొలి మహిళా మ్యాచ్ రెఫరీ అయ్యారు. అంతవరకూ ఆడవాళ్లకు ఆట తెలియకనా? ఆ కుర్చీలో మగవాడే కనిపించాలని ముందే అనుకున్నారు కాబట్టి.

అసలు గుట్టు పల్వంకర్ బాలూ చరిత్రలో ఉంది. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ఈ దళిత బౌలర్‌కు హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. మన చేతి పని కావాలి, మన నోటి తీర్పు వద్దు. దళితుడు విజిల్ ఊది సవర్ణుడికి ఎర్ర కార్డు చూపిస్తే కంటగింపుగా ఉంటుంది. ఆ కంటగింపునే ‘అప్పియరెన్స్’ గడిలో రాస్తారు.

కాబట్టి మేం అడిగేది దయ కాదు. రెఫరీల బట్టలూ బూట్లూ సంఘాలే ఇవ్వాలి. రూపం మీద మార్కులు తీసేసి నిర్ణయాలకూ పరుగుకూ మాత్రమే మార్కులు వేయాలి. ఆ కాగితం నకలు మా చేతికివ్వాలి, దాని మీద అప్పీలుకు దారి ఉండాలి. ప్రతి ప్యానెల్‌లో ఏ కులం వాళ్లు ఎందరో బయటపెట్టాలి. లెక్క దాచేవాళ్లకు ప్రతిభ గురించి మాట్లాడే హక్కు లేదు.

జై భీమ్.