దుర్గ్ సెషన్స్ జడ్జి, అమెరికా ఫెడరల్ జడ్జి: ఎవరి కుర్చీ ఎంత గట్టిది?

భిలాయ్ నగరంలోని కోహ్కాకు సెషన్స్ కోర్టు పక్కనున్న దుర్గ్‌లో ఉంది. ఉక్కు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ కోర్టు సుపరిచితమే. దేశం దృష్టిని దానిపైకి మళ్లించింది కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగీ హత్య కేసు.

1991 సెప్టెంబరు 28 తెల్లవారకముందే భిలాయ్‌లోని తన ఇంట్లో నిద్రిస్తున్న నియోగీని కాల్చి చంపారు. సీబీఐ దర్యాప్తు చేసింది. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఆరుగురిని దోషులుగా తేల్చింది. కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు మరణశిక్ష, పారిశ్రామికవేత్తలు సహా మిగిలిన ఐదుగురికి యావజ్జీవం పడింది. మరుసటి ఏడాదే మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు పల్టన్ ఒక్కడి నేరాన్నే నిర్ధారించి, యావజ్జీవం విధించింది. కుట్ర రుజువు కాలేదు. చంపినవాడెవరో తేలింది గాని, చంపించిందెవరన్న ప్రశ్నకు చట్టరీత్యా నేటికీ జవాబు లేదు.

పైకోర్టు తీర్పును తిరగరాయడం దానంతట అది తప్పు కాదు; అప్పీలు ఉన్నదే అందుకు. కానీ సాక్షి తడబాటును కళ్లారా చూసేది విచారణ జడ్జి మాత్రమే. పైకోర్టుల ముందుండేది కాగితమే. అంతటి బాధ్యత మోసే వ్యక్తి ఉద్యోగ భద్రత ఎలాంటిది?

అమెరికాలో ఫెడరల్ నేరాలకు ప్రత్యేక ట్రయల్ కోర్టులున్నాయి. భారత సంతతికి చెందిన సరళా విద్యా నాగళ కనెక్టికట్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, 2021లో అక్కడి జిల్లా జడ్జి అయ్యారు. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు నిండలేదు. సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి ఆమెదే. జీతం తగ్గించడానికి వీల్లేదు. మన సెషన్స్ జడ్జి సంగతి వేరు. 235వ అధికరణం కింద పోస్టింగు, పదోన్నతి హైకోర్టు చేతిలో ఉంటాయి. బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు. ప్రభుత్వం నుంచి రక్షణ కోసమే రాజ్యాంగం ఈ అధికారాన్ని హైకోర్టుకు ఇచ్చింది, నిజమే. అయితే తన తీర్పులను సమీక్షించే కోర్టే తన భవిష్యత్తునూ నిర్ణయిస్తుందన్న స్పృహ ఏ జడ్జినైనా వెన్నాడకుండా ఉంటుందా?

2025లో సుప్రీంకోర్టు ఈ వర్గం గురించి వరుసగా తీర్పులిచ్చింది. మే నెలలో సివిల్ జడ్జి నియామకానికి మూడేళ్ల వకాలతు అనుభవం తప్పనిసరి చేసింది. న్యాయవాదిగా, న్యాయాధికారిగా కలిపి ఏడేళ్ల అనుభవమున్నవారు జిల్లా జడ్జి ప్రత్యక్ష నియామకానికి అర్హులని అక్టోబరులో ఐదుగురు సభ్యుల ధర్మాసనం తేల్చింది. పదోన్నతిపై వచ్చిన జిల్లా జడ్జీలకు ప్రత్యేక కోటా కుదరదని నవంబరులో స్పష్టం చేసింది. ఇవన్నీ ప్రవేశానికి, సీనియారిటీకి సంబంధించినవి. బదిలీల ఊసు వీటిలో లేదు. అఖిల భారత న్యాయ సర్వీసుకు 1976లోనే 42వ సవరణ దారి వేసినా, ఆ సర్వీసు ఇంతవరకు ఏర్పడలేదు.