ధీరవనిత అంటారు సరే, పాసుపుస్తకం ఏది?

మార్చి 8 వచ్చిందంటే ప్రతి జిల్లా కేంద్రంలో ఇదే తంతు. అప్పులపాలై ఆత్మహత్య చేసుకున్న రైతు భార్యను వేదిక మీదికి పిలుస్తారు, శాలువా కప్పుతారు, మొగుడు పోయినా కుంగిపోని ధీరవనిత అని మైకులో చెబుతారు. ఆమె ఎవుసం వదలని మాట నిజమే. పత్తి గింజలు పెట్టింది, ట్రాక్టరు కిరాయి బేరమాడింది, పిల్లల చదువు ఆపలేదు. ఆ ఘనత పూర్తిగా ఆమెది. మా పేచీ, ఆ పొగడ్త చాటున ఎగ్గొడుతున్న బాకీతో.

రైతు ఆత్మహత్య కుటుంబాలకు లక్షన్నర ఇవ్వాలని 2004లో 421 జీవో వచ్చింది. తెలంగాణలో 2015 నాటి 194 జీవో దాన్ని ఆరు లక్షలు చేసింది: కుటుంబానికి ఐదు, అప్పుల పరిష్కారానికి ఒకటి. ఆ డబ్బు రావాలంటే అధికారుల కమిటీ విచారించి తేల్చాలి. అక్కడ మొదలవుతుంది అసలు కథ. ఎఫ్ఐఆర్ ఏది, పోస్టుమార్టం రిపోర్టు ఏది, అప్పు కాగితం ఏది? విత్తనాలు, మందులు ఉద్దెరకిచ్చిన దుకాణదారు, వడ్డీకిచ్చిన ఊరి ఆసామి ఎప్పుడు కాగితం రాసిచ్చారు? బాకీ వసూలుకు మాత్రం దినాలు కాకముందే వాకిట్లో నిలబడతారు.

ఇక రైతుబీమా. 2018 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉంది. ఎల్ఐసీ ద్వారా ఐదు లక్షలు, చావుకు కారణం అడగరు. మంచి పథకమే, కాదనం. కానీ పట్టాదారుకే, అదీ 18 నుంచి 59 ఏళ్ల లోపు వారికే. పట్టా ఇంకా తండ్రి పేరు మీదే ఉన్న కొడుకు రైతు కాడు. పదెకరాలు కౌలుకు చేసినవాడూ రైతు కాడు. కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011లోనే చేశారు, దాన్ని అమలు చేయకుండా మూలన పడేశారు. బతికినన్నాళ్లూ రైతుగా గుర్తించరు, చచ్చాక రైతువని రుజువు చేయమంటారు. రుజువు చేయాల్సిందెవరు? ఆ ధీరవనితే!

సర్కారును తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. విరాసత్ దగ్గర అడ్డం పడేది మన ఇళ్లలోని మగవాళ్లే. "చిన్నవయసుది, రేపు ఇంకో పెళ్లి చేసుకుంటే భూమి పోతది" అనే మాట సంఘం సభ్యుల నోటా విన్నాం. 1956 వారసత్వ చట్టం ప్రకారం పిల్లలతో పాటు ఆమె మొదటి తరగతి వారసురాలు. భర్త నుంచి ఒకసారి సంక్రమించిన వాటా మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. బావలకు, మరుదులకు ఇది నచ్చకపోవచ్చు. చట్టం వాళ్లను అడిగి రాయలేదు.

ఈ ఆడవాళ్లు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ముందు తిరిగి తిరిగి డబ్బు రాబట్టుకున్న ఆమె, నిన్న దెబ్బతిన్న ఇంటికి వెళ్తోంది. ఏ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో ఆమెకు తెలుసు. కొత్తామెను వెంటబెట్టుకుని కలెక్టరేట్ ప్రజావాణికి పోతుంది, ఆమె ఏడిస్తే అర్జీ తనే అందిస్తుంది. దుఃఖం తీరిపోయి కాదు. తనలా ఇంకొకరు ఒంటరిగా తిరగొద్దని.

మండల కమిటీలకు చెప్పేదొకటే. మీ ఊళ్లలో ఇలాంటి ప్రతి ఇంటికీ ఈ నెలలో వెళ్లండి. పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో, 194 కింద దరఖాస్తు ఎక్కడ ఆగిందో రాసుకురండి. బీమా వచ్చింది కదా అని ఎవరైనా 194ను పక్కన పెడితే ఒప్పుకోకండి, అది వేరు ఇది వేరు. శాలువాలకు చందాలు వసూలు చేసి ఉంటే, ఆ డబ్బు జిరాక్సులకు, ఆఫీసు చుట్టూ తిరిగి ఆమె పోగొట్టుకున్న కూలికి ఇవ్వండి.