ఆలస్యమునకు వడ్డీ

బాకీ తీర్చలేనని ఎఱిగియుండియే నోటు వ్రాసి యిచ్చినవానిని మన పల్లెలలో ఏమందురో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. 2025 మే 29వ తేదిన ఢిల్లీలో జరిగిన వర్తక పరిశ్రమాధిపతుల సభలో మన వైమానిక దళాధిపతి ఏ. పి. సింగుగారు ఇంచుమించు ఇట్టి మాటయే చెప్పిరి. గడువు పెట్టిన పనులలో గడువునకు పూర్తియైనది తమకు ఒక్కటియు తోచుటలేదనియు, కంట్రాక్టులపై సంతకము చేయునప్పుడే ఆ యాయుధములు రావని పెక్కుసారులు తెలిసియే యుండుననియు వారి మాటల సారాంశము. సేనాధిపతులు సామాన్యముగా ఇట్లు మాటలాడరు. మాటలాడిన పిమ్మట దేశమున కొంత కలవరము పుట్టవలసియుండెను. కొన్నిదినములు పత్రికలలో చర్చ జరిగి చల్లారిపోయెను. దానిని చల్లారనిచ్చుట మాకు సమ్మతము కాదు.

మేము ఒడంబడికలు చదివి బ్రతుకువారము గనుక మొదట ఒడంబడిక మాటయే చెప్పెదము. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములో 55వ సెక్షను ఒకటి కలదు. కాలమే ప్రధానమని ఏర్పరచుకొన్న ఒడంబడికలో ఒకడు గడువు దాటించి సరకు తెచ్చినప్పుడు, నష్టపరిహారము కోరుదునని అప్పుడే నోటీసు ఇయ్యక రెండవవాడు దానిని పుచ్చుకొనెనా, తరువాత ఆ ఆలస్యమునకు పరిహారమడుగు హక్కు వానికుండదు. బస్తాల వర్తకుడు సైతము ఎఱిగిన న్యాయమిది. కాని విమానముల వ్యవహారమున వాది యెవరు? కేంద్రప్రభుత్వము. ప్రతివాది యెవరు? అధికభాగము వాటాలు కేంద్రప్రభుత్వము చేతిలోనే యున్న హిందూస్థాన్ ఏరోనాటిక్సు. జుల్మానా విధించినను ఎడమజేబులోని సొమ్ము కుడిజేబులోనికి పోవును. దావా వేయువాడు లేడు, ఓడిపోవువాడు లేడు. కోర్టు ఖర్చులు మాత్రము ఈ వ్యాజ్యములో కక్షియే కాని రైతును, కూలియు, గుమాస్తాయు చెల్లించుచున్నారు.

తేజస్ విమానము చరిత్ర చూడుడు. మిగ్-21కు బదులుగా తేలికపాటి యుద్ధవిమానమును మనమే నిర్మించుకొనవలెనని ప్రభుత్వము 1983లో 560 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. అది తొలిసారి గగనమున కెగసినది 2001 జనవరి 4వ తేదిన. తొలి స్క్వాడ్రను ఏర్పడినది 2016 జులైలో. అదియు రెండే విమానములతో. సొమ్ము మంజూరైన యేట పుట్టిన శిశువు అప్పటికి ముప్పదిమూడేండ్లవాడయ్యెను! మన ఇంజనీర్లు చేతకానివారని మేమనము. 1998 అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించి, అక్కడ పనిచేయుచున్న మనవారిని బయటికి పంపివేసినప్పుడు, విమానమును నిలకడగా నడపు కంట్రోలు వ్యవస్థను వారు స్వశక్తితో పూర్తిచేసికొనిరి. అట్టివారిని నిందించుటకు మాకు నోరాడదు. వారిపై కూర్చుండి ఫైళ్ళు త్రిప్పినవారి మాటయే మా మాట.

2015 మేలో పార్లమెంటునకు వచ్చిన కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదికలో, తొలి తరగతి తేజస్సునకు 53 అంశములలో మినహాయింపులు ఇయ్యవలసివచ్చెనని కలదు. అంతకన్న మేము ముఖ్యముగా నెంచునది వేఱొకటి. తేజస్ సకాలమున రాకపోవుటచే మిగ్, జాగ్వారు, మిరాజ్ విమానములను మరమ్మతు చేసి ఆయుస్సు పొడిగించుటకు 20,037 కోట్ల రూపాయలు కావలసివచ్చెనట. ఈ సొమ్ము తేజస్ ఖర్చులో చేరదు. తేజస్ లేకపోవుటకైన ఖర్చు. ఆ మరమ్మతులలో కొన్ని ఎట్లును చేయవలసినవే యని వాదించువారు కలరు. సరే, వారి తృప్తికై సగము కొట్టివేసినను పదివేల కోట్లు మిగులును.

ధనమొక్కటియే నష్టమైనచో ఇంత వ్రాయకపోదుము. 2012లో నాటి రక్షణమంత్రి ఆంటొనీగారు రాజ్యసభలో చెప్పిన లెక్కప్రకారము అప్పటికి 482 మిగ్ ప్రమాదములు జరిగెను. 171 మంది వైమానికులును, 39 మంది పౌరులును మరణించిరి. అన్నియు యంత్రము ముసలిదగుట వలననే జరిగెనని మేమనము. కాని 1963లో వచ్చిన జాతి విమానమును 2025 వరకు ఎగురవేయించుట ఏ శాస్త్రము? 2023 మే 8వ తేదిన రాజస్థానములోని హనుమాన్‌గఢ్ జిల్లాలో ఒక మిగ్-21 గ్రామములోని ఇంటిపై కూలగా ముగ్గురు స్త్రీలు చనిపోయిరి. వారు ఏ యుద్ధమునకు పోయిరి? 2025 సెప్టెంబరు 26వ తేదిన చండీగఢ్‌లో ఆ విమానమునకు గౌరవముగా వీడ్కోలిచ్చిరి. నాటితో 42 స్క్వాడ్రనులు ఉండవలసిన దళమున 29 మాత్రమే మిగిలెను.

ఆ వీడ్కోలుకు ముందునాడు ఏమి జరిగినది? 97 తేజస్ మార్క్-1ఏ విమానములకు 62,370 కోట్లతో, పన్నులు గాక, రెండవ కంట్రాక్టుపై సంతకములైనవి. మొదటి కంట్రాక్టు 83 విమానములది; 2021 జనవరిలో మంత్రివర్గసంఘము వానికై 45,696 కోట్లు అంగీకరించెను. విమానమొక్కింటికి అప్పుడు సుమారు 550 కోట్లు, ఇప్పుడు 643 కోట్లు. రెండవ జట్టులో ఇద్దరు కూర్చుండు విమానములు ఎక్కువనియు, స్వదేశీ రాడారు చేరుచున్నదనియు అందురు, ఒప్పుకొందము. కాని రెండవ జట్టునకు సంతకము పెట్టునాటికి మొదటి జట్టులో ఒక్క విమానమైనను దళమునకు చేరలేదు. 2024లోనే మొదలు కావలసిన అప్పగింతలవి! ఆడినమాట తప్పిన వర్తకునకు అంతకుమించిన బేరమును, హెచ్చు వెలకు, మరునాడే ఇచ్చు కొనుగోలుదారు లోకమున వేఱొకడు కలడా? ఇక 2024 డిసెంబరులో కొన్న సుఖోయిల మాట. పన్నులతోను, పరికరములతోను కలిపి 12 విమానములకు దాదాపు 13,500 కోట్లు. ఒక్కటి 1,125 కోట్లు. కొత్త విమానము కాదు, ఇరువదేండ్లుగా నాసికులో మనమే కట్టుచున్న విమానము.

మార్క్-1ఏ ఏల రాలేదని అడిగినచో, అమెరికానుండి ఇంజన్లు రాలేదని సమాధానము. నిజమే. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరిచ్చితిమి; మొదటిది అందినది 2025 మార్చిలో. కాని ఇంజను అమెరికాదేల కావలసివచ్చెను? ఇచ్చటనే వ్యాధి మూలమున్నది.

1961లోనే మన బెంగుళూరిలో మారుత్ అను జెట్ యుద్ధవిమానము ఎగిరెను. జర్మను నిపుణుడు కుర్ట్ టాంకుగారి నాయకత్వమున మనవారు గీసినది. ధ్వనివేగమును మించుటకై గీసిన ఆ విమానమునకు తగిన ఇంజను బ్రిటిషు కంపెనీ తయారుచేయుచు, ఆ ఖర్చు మనలను భరింపుమనగా, మన ప్రభుత్వము వెనుదీసెను. బలహీనమైన పాత ఇంజనే తగిలించిరి. విమానము ధ్వనివేగమును మించలేదు. ఆనాడు మిగిల్చిన ధనము ఎంతయో, తదుపరి విదేశవిమానములకు పోసిన ధనము ఎంతయో ప్రక్కప్రక్కన వేసి చూపిన మంత్రి నేటివరకు లేడు.

ఇరువదియెనిమిదేండ్ల తరువాత, 1989లో, కావేరి ఇంజను పని మొదలయ్యెను. మంజూరైనది 382.81 కోట్లు, అది 2,839 కోట్లకు పెరిగెనని, అనగా 642 శాతము పెరుగుదల యని, 2011లో ఆడిటరు జనరలు వ్రాసెను. 2008లోనే దానిని తేజస్‌నుండి విడదీసిరి. 642 శాతమను మాటను పట్టుకొని విదేశవస్తుప్రియులు నేటికిని ఎగతాళి చేయుచుందురు. వారి ఎగతాళిలో మాకు పాలులేదు. పాతరూపాయికిని కొత్తరూపాయికిని భేదమున్నదని ఎఱుగుదుము. ఎఱిగియే చెప్పుచున్నాము: ఇరువదేండ్లకు పైగా దేశము తన ఇంజనుపై పెట్టిన మొత్తము, 2024లో కొన్న సుఖోయిలలో రెండున్నర విమానముల వెల. ఎక్కువ వ్యయము చేసి చెడిపోతిమా, తక్కువ వ్యయమును తుంపులుతుంపులుగా చేసి చెడిపోతిమా?

అట్లైన అంతయు విదేశములనుండి కొనుట మేలుకదా యనువారికి ఒక్క ఉదాహరణము చాలును. 126 విమానములు కొనుటకై 2007 ఆగస్టులో టెండర్లు పిలిచిరి. ఆరు కంపెనీలు వచ్చినవి. 2012 జనవరిలో ఫ్రాన్సు దేశపు రఫేల్ ఎన్నికయ్యెను. మూడేండ్లు బేరములాడి, ఆ టెండరును విడిచి, 2016 సెప్టెంబరులో 36 విమానములను దాదాపు 787 కోట్ల యూరోలకు కొనిరి. 126 కావలెనన్న దళమునకు తొమ్మిదేండ్ల తరువాత 36! ఆ బేరముపై వేసిన దావాలను సుప్రీంకోర్టు 2018లోను, పునర్విచారణలో 2019లోను కొట్టివేసినది. కొట్టివేసిన వ్యాజ్యమును పత్రికలో తిరుగదోడుట మా ఉద్దేశము కాదు. మా అభ్యంతరమంతయు వేఱు. 2019లో ఆడిటరు జనరలు నివేదికలో వెలల అంకెలు మూసివేసి, పాత బేరముకన్న 2.86 శాతము చౌకయని మాత్రము చూపిరి. భేదము చూపి మొత్తము దాచిన లెక్క ఏ గుమాస్తా తెచ్చినను ఏ యజమానియు పుచ్చుకొనడు. సంపన్నదేశములకు ఈ బాధ లేదనుకొనుటయు భ్రమయే. అమెరికావారి ఎఫ్-35 విమానముల పోషణవ్యయపు అంచనా 2018లో 1.10 లక్షల కోట్ల డాలర్లుండగా, 1.58 లక్షల కోట్లకు పెరిగినదని వారి ఆడిటు కార్యాలయమే 2024లో ప్రకటించెను. వారు ప్రకటించిరి, అదియే భేదము.

మాంచెస్టరు బట్ట చౌకగా దొరకుచున్న దినములలోనే మన పెద్దలు దానిని కాల్చి ముతక ఖద్దరు కట్టిరి. స్వదేశి మొదట ఖరీదైనదేయని వారెఱుగుదురు. అయినను రాట్నము త్రిప్పిన ప్రతివాడును ఎన్ని చిలపలు వడికెనో వ్రాసి చూపవలసియుండెను. నేడు స్వదేశియను మాట లెక్క చెప్పకుండుటకు తెరగా మారినది. తెరను మేమంగీకరింపము, స్వదేశిని విడువము.

కనుక మేము కోరునది ఇది. ప్రతి కంట్రాక్టునకును ఆరునెలలకొకసారి పార్లమెంటు ముందు ఒక పట్టిక పెట్టవలెను: రావలసినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని, ఒక్కింటి వెల ఎంత, ఆలస్యమునకు వసూలుచేసిన జుల్మానా ఎంత. గడువునకు రాదని తెలిసియు సంతకము చేసినవాడు, ఆ తెలివిడిని ఫైలులో వ్రాసి, తన పేరు పెట్టవలెను. ఇంజనుకై మంజూరు చేసిన సొమ్ము ఏటేట మార్చి 31వ తేదికి ఖజానాలోనికి మరలిపోరాదు. రక్షణకు ఇట్టి మురిగిపోని నిధి ఉండవలెనని 15వ ఆర్థికసంఘమే సిఫారసు చేసియున్నది. ఫ్రాన్సు దేశపు సఫ్రాన్ కంపెనీతో కలిసి కొత్త ఇంజను నిర్మింపనున్నామని రక్షణమంత్రి 2025 ఆగస్టులో చెప్పిరి. ఆ ఒడంబడికలో లోహవిద్య మనకు నిజముగా దక్కునా, బిగింపుపని మాత్రమే దక్కునా యనునది ప్రజలకు తెలియవలెను.

ఈ లోహవిద్య మనకు పూర్తిగా పరాయిది కాదు. ఇంజనులోని మహోష్ణమునకు ఓర్చు ఏకస్ఫటిక బ్లేడులు కావేరి మొదలైననాడు మనకు లేవు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయమువారు వానిని తయారుచేసి, 2021 ఏప్రిలులో హెలికాప్టరు ఇంజనుకై 60 బ్లేడులు హిందూస్థాన్ ఏరోనాటిక్సునకు ఇచ్చిరి. అరువది తరువాత ఎన్ని? యుద్ధవిమానపు ఇంజనుకు ఎప్పుడు? దానికి కేటాయించిన సొమ్మెంత, ఖర్చైనదెంత? మన తెలుగుసభ్యులలో ఎవరైన ఒకరు లోకసభలో ఈ మూడు ప్రశ్నలకు నోటీసు ఇచ్చినచో, వచ్చిన జవాబును అంకెతో సహా ఈ పుటలోనే ప్రకటించెదము.