టోపీ పెట్టేవాళ్ళు, పెట్టించుకునేవాళ్ళు

"పాటలో పాలిటిక్స్ ఎందుకు బ్రో? చిల్ అవ్వడానికి కదా వింటాం!" హాస్టల్‌లో ఈ మాట అందరం వినే ఉంటాం. నా అభిప్రాయం వేరు. మన గురించి మనం నిజాయితీగా పాడుకుంటే రాజకీయం పిలవకపోయినా వచ్చేస్తుంది.

బెంగళూరు ఫోక్ రాక్ బ్యాండ్ స్వరాత్మ 2012లో తెచ్చిన 'టోపీవాలే' ఆల్బమ్ ఒకసారి వినండి. పాటలు కన్నడ, హిందీ భాషల్లో ఉంటాయి. జానపద బాణీల పక్కనే ఎలక్ట్రిక్ గిటార్, వయొలిన్ వినిపిస్తాయి. టైటిల్ పాట జనానికి టోపీ పెట్టే నాయకుల మీద సెటైర్. అదే ఆల్బమ్‌లోని 'ఘుమ్' పిల్లల మీద జరిగే లైంగిక వేధింపుల గురించి. ఒకటి అసెంబ్లీ సంగతి, ఇంకోటి ఇంట్లో సంగతి అనుకుంటాం. కానీ రెండు చోట్లా పెత్తనం ఉన్నవాళ్ళు ఏం చేసినా మిగతావాళ్ళు నోరు మూసుకోవాల్సిందే.

తెలుగులో చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామా' మనలో చాలామంది ప్లేలిస్ట్‌లో ఉంది. పట్నంలో ఇమడలేక ఊరికి తిరిగిపోతానంటున్న ఒక మనిషి గోడు అది. అసలు అతను ఊరెందుకు వదిలాడు అని అడిగామంటే వ్యవసాయం గురించి మాట్లాడక తప్పదు.

మన దగ్గర ఇలాంటి కథలకి కొదవా? కుప్పంలో తెల్లారకముందే రైలెక్కి, బెంగళూరులో పని చేసుకుని, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళున్నారు. ధర పడిపోతే మదనపల్లె టమోటా రోడ్డు పక్కన కుప్పలుగా పడుంటుంది. పుంగనూరు పొట్టి ఆవు ఇప్పుడు లక్షలు పలుకుతోంది. కరువుల్లో ఆ జాతిని సాకిన రైతుకి అందులో మిగిలిందెంత?

పాట, రాజకీయం కలవడం మదనపల్లెకి కొత్త కూడా కాదు. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలోనే. ఆ పాటకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జైలుకెళ్ళొచ్చిన ఐరిష్ సంగీతకారిణి.

అందుకే మన క్లబ్‌లో గిటార్ పట్టుకునేవాళ్ళకి ఒక రిక్వెస్ట్. కవర్ సాంగ్స్ ఇక చాలు. 'వస్తాండా', 'పోతాండా' అనే మన యాసలోనే, పలకల మోతతో ఒక ఆల్బమ్ మొదలుపెడదాం. మొదటి పాట ఆ కుప్పం రైలు మీద. లిరిక్స్‌కి నేను రెడీ.