భూగోళ పట్టము - ఋణభారము

బిడ్డను ఏ విద్యలో ప్రవేశపెట్టవలెనని యోచించు తండ్రి మొదట వేయు ప్రశ్న 'ఇది కూడు పెట్టునా?' అన్నది. ఈ ప్రశ్నను విని మూతి విఱుచు విద్యాధికులు కలరు. మేము విఱువజాలము. కళాశాలలో చేరకముందు వేసిన ప్రశ్న వివేకము. అప్పుపత్రముపై వ్రాలు చేసిన పిమ్మట వేసినది పశ్చాత్తాపము.

భూగోళశాస్త్ర పట్టమును గూర్చి మన పట్టణములలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఇంజనీరింగులో చోటు దొరకనివారికి మిగిలిన చదువు ఇదియని కొందఱందురు. ఇది ఉపగ్రహముల యుగము గావున ఎంత అప్పు చేసియైనను దీనిని చదివింపవలెనని మఱికొందఱందురు. మొదటి మాట విద్యను అవమానించుచున్నది. రెండవది కుటుంబమును ముంచుచున్నది. ఈ రెంటికిని నడుమ నున్న సత్యమును లెక్క వేసి చూచుట మా యుద్దేశము.

ఈ శాస్త్రము పనికిమాలినదని యెంచువారు చరిత్రను మఱచుచున్నారు. కుంఫిణీవారు మన దేశమును ఖడ్గముతో మాత్రమే గాక గొలుసుతోను, పటముతోను జయించిరి. 1802లో ల్యాంబ్టను దొర చెన్నపట్టణము చెంత ఆధారరేఖను కొలిచి, దేశమునంతటిని త్రికోణములలో బంధింప నారంభించెను. 1815లో భారతదేశ సర్వేయరు జనరలైన మెకంజీకి కుడిభుజములై గ్రామచరిత్రలను, శాసనములను సేకరించినవారు మన తెలుగువారైన కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. 1831లో నెలకు 30 రూపాయల జీతముపై సర్వేశాఖలో గణకుడుగా చేరిన రాధానాథ సిక్దారు అనంతర కాలమున హిమవచ్ఛిఖరములలో అత్యున్నతమైన దానిని గణించి తేల్చెను. ఆ శిఖరమునకు పెట్టబడిన పేరు మాత్రము దొరది! విద్య మనది, జీతము స్వల్పము, కీర్తి పరులది - ఇదియే నాటి లెక్క.

నేడు ఆ లెక్క మాఱవలెను. మాఱుటకు అవకాశమును కలదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము పటముల తయారీపై నున్న కట్టుబాట్లను సడలించి, భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల బెడదను తొలగించినది. 2022లో జాతీయ భూస్థానిక విధానము వెలువడినది. ఉపగ్రహ చిత్రములను దేశమునకు అందించు జాతీయ దూరసంవేదన కేంద్రము మన హైదరాబాదులోనే యున్నది. 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే ఆరంభమైనది. కాలువకు, రహదారికి, పంటబీమాకు, తుపాను హెచ్చరికకు - అన్నిటికిని పటమే పునాది. పని లేదనువారు కన్నులు తెఱచి చూడవలెను.

అయితే పని యున్నంత మాత్రమున అది భూగోళ పట్టభద్రునికే దక్కునా? ఇచ్చటనే చిక్కు. 2019లో గ్రామ సచివాలయములకు సర్వేయర్లను తీసికొన్నపుడు అడిగిన అర్హతలు సివిలు ఇంజనీరింగు, డ్రాఫ్ట్సుమను, సర్వే శిక్షణలకు సంబంధించినవే గాని భూగోళ పట్టము కాదు. ఉపగ్రహ చిత్రములను విశ్లేషించు కంపెనీలు కంప్యూటరుపై పటమును నిర్మింపగలవా యని అడుగునే గాని, పర్వతముల పుట్టుకను వర్ణింపుమని అడుగవు. ఉన్నత పాఠశాలలలో భూగోళము సాంఘికశాస్త్రమున ఒక భాగమే; ఆ యుద్యోగమునకు బి.ఇడి. కూడ కావలెను. విశ్వవిద్యాలయ సహాయాచార్యునకు ఏడవ వేతన సంఘము ననుసరించిన ప్రారంభ మూలవేతనము 57,700 రూపాయలు. కాని ఖాళీలు కొద్ది, నిరీక్షించువారు పెక్కుమంది. సివిలు సర్వీసు పరీక్షలకు ఈ విషయమును ఎన్నుకొనువారు అనేకులు గలరు. పరీక్ష జీతము కాదు గదా!

ఇక ఋణము మాట. ఎం.ఎస్‌సి.లో రెండేండ్ల చదువునకు, వసతికి ఒక విద్యార్థి ఏడాదికి 2 లక్షల చొప్పున 4 లక్షలను 10 శాతము వడ్డీకి తీసికొనెననుకొందము. చదువు ముగిసి మఱి యొక యేడాది వఱకు వాయిదా లేదు. తల్లిదండ్రులు ఇది సౌకర్యమని సంతోషింతురు. కాని వడ్డీకి సెలవు లేదు! ఆ మూడేండ్లలో సాధారణ వడ్డీయే సుమారు లక్ష చేరి అసలు 5 లక్షలగును. దానిని పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 6,600 రూపాయలు కట్టవలెను. తీరునప్పటికి చెల్లించినది 7 లక్షల 90 వేలు దాటును. నెలకు 20 వేల జీతముతో జీవితమారంభించు యువకునికి ఇది మూడవ వంతు. మిగిలినదానిలో అద్దె, భోజనము, ఇంటికి పంపవలసిన సొమ్ము!

విదేశ విద్యకు 40 లక్షలు 11 శాతము వడ్డీకి తెచ్చినచో, పదేండ్ల వాయిదా నెలకు సుమారు 55 వేలు. సహాయాచార్యుని మూలవేతనమంతయు దాదాపు దానికే చాలును. అట్టి పట్టముతో స్వదేశమునకు తిరిగివచ్చి సేవ చేయవలెనని యువకుడు తలంచినను అప్పు తిరిగి రానీయదు. పెద్ద ఋణము ధనమునే గాక స్వేచ్ఛను గూడ హరించునని గ్రహింపవలెను.

కావున మా సూచన యిది. చదువు ముగిసి వాయిదాలు మొదలగునాటికి అప్పు మొత్తము, మొదటి యేడాది రాగల జీతమును మించరాదు. 20 వేల జీతమునకు 2 లక్షల 40 వేల అప్పు. పై వడ్డీకే నెలకు సుమారు 3,170 రూపాయల వాయిదా, అనగా జీతములో ఆఱవ వంతునకు లోపు. ఇది భరింపదగినది. ఆ హద్దులో నిలువవలెనన్న మార్గమును గలదు. బి.ఏ.ను, బి.ఎస్‌సి.ని ప్రభుత్వ కళాశాలలో అప్పు లేకుండ చదువవచ్చును. ఉస్మానియా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులలో భూగోళ శాఖలున్నవి. ఋణము తప్పనిసరియైనచో దానిని జి.ఐ.యస్., రిమోట్ సెన్సింగు, సర్వే వంటి చేతిపనికి వినియోగింపుడు. పేరుగొప్ప కళాశాల భవనములకు కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద 8 లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు 10 లక్షల వఱకు ఋణముపై 3 శాతము వడ్డీ సాయము కలదు. అయితే అది ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థలకే. మీ బిడ్డ చేరబోవు కళాశాల ఆ జాబితాలో నున్నదో లేదో ప్రవేశ రుసుము కట్టక పూర్వమే విచారింపుడు. అప్పుపత్రముపై విద్యార్థితో పాటు తండ్రియు వ్రాలు చేయుచున్నాడని మఱవకుడు.

భారమంతయు తల్లిదండ్రులపై మోపి ప్రభుత్వములు తప్పించుకొనరాదు. సర్వే కొలువులకు తగిన శిక్షణ గల భూగోళ పట్టభద్రులను ఏల అర్హులుగా పరిగణింపరాదు? ప్రతి జిల్లా కేంద్రమున ఒక ప్రభుత్వ కళాశాలలో నైనను పటనిర్మాణమునకు కంప్యూటరు ప్రయోగశాలను ఏల నెలకొల్పరాదు? అది ఉచితముగ లభించిన నాడు అప్పు చేయవలసిన యవసరమే తగ్గును గదా! శాసనసభ్యులు ఓట్లకై వచ్చినపుడు పఠనమందిరముల వారు ఈ రెండు ప్రశ్నలను వేయుదురుగాక.

మన నేలను మన బిడ్డలే కొలువవలెను. ఆ కొలతకు వారిని సిద్ధము చేయవలసినది విద్య. కాళ్లకు గొలుసు తగిలింపవలసినది కాదు. కొలుచుటకు తెచ్చిన గొలుసే సంకెల కాకుండ చూచుకొనుట తల్లిదండ్రుల వివేకము, ప్రభుత్వముల ధర్మము.