రాళ్ళు ఎవరి తరఫున మాట్లాడుతయి?

లండన్‌ పోయినప్పుడు దోస్తులు నన్ను ట్రఫాల్గర్ స్క్వేర్‌కు తీస్కపోయిండ్రు. ఒకరిది జనగామ, ఒకరిది సిరిసిల్ల. చౌరస్తా నడుమ 50 మీటర్లకు పైగ ఎత్తున్న స్తంభం, దాని మీద నెల్సన్. కింద నాలుగు కంచు సింహాలు. 1805ల యుద్ధం గెలిపించి పాణం ఇడిసిన తమ సేనానికి ఆ దేశం కట్టుకున్న గుడి. కట్టుకోనీ. వాళ్ళ వీరుడు, వాళ్ళ పైసలు.

కని ఒక మూలకు ఇంకో విగ్రహం కనవడ్డది. పేరు చదివితే కాళ్ళు ఆగినయి. హేవ్‌లాక్! 1857 తిరుగుబాటును తొక్కిన జనరల్. 1857 జులై 17న వీని ఫౌజు కాన్పూర్‌ల అడుగువెట్టింది. సరిగ్గ అదే దినం మన హైదరాబాద్‌ల ఏమైంది? తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని ఎంటవెట్టుకోని కోఠి రెసిడెన్సీ మీదికి ఉరికిండ్రు. తుర్రేబాజ్‌ను 1859ల తూప్రాన్ దగ్గర చంపిండ్రు. మౌల్వీని అండమాన్‌కు తోలిండ్రు. హేవ్‌లాక్‌కు 1861లనే లండన్ నడిబొడ్డున కంచు విగ్రహం లేసింది. తుర్రేబాజ్‌కు కోఠిల ఒక రోడ్డు పేరు మిగిలింది. ఆ రోడ్డు మీద దినాం తిరిగేటోళ్ళల్ల ఎందరికి ఆయన ఎవరో ఎరుక?

ఇంకో మూలకు నేపియర్ ఉన్నడు. సింధ్‌ను ఆక్రమించినోడు. 2000ల లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్, ఈ ఇద్దరు ఎవరో తనకే తెల్వదు, తీసేద్దామన్నడు. ఎవరూ తియ్యలే. విగ్రహం ఒకసారి లేస్తే, అది ఎవరిదో మరిచిపోయినంక కూడ రాజ్యమేలుతది. అందుకే పాలకులు బడి కన్న ముందు విగ్రహం కడ్తరు.

ఇది మనకు కొత్త ముచ్చటనా? ఎన్టీఆర్ జమానాల ట్యాంక్‌బండ్ మీద 33 విగ్రహాలు నిలవెట్టిండ్రు. అండ్ల తెలంగాణోళ్ళను ఏళ్ళ మీద లెక్కవెట్టొచ్చు. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఇంగ్లీషు దొర కాటన్‌కు జాగ దొరికింది. జల్ జంగల్ జమీన్ అని కొట్లాడిన కొమురం భీంకు దొరకలే. చాకలి ఐలమ్మకు దొరకలే. మా ఊరి చెరువు గట్టు మీద మేము లేకపోవుడేంది?

2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌ల విగ్రహాలు కూలినయి. ఆ దినం నేనూ ఆ గుంపుల ఉన్న. తెల్లారి పత్రికలల్ల ఒకటే ఏడుపు. సంస్కృతి మీద దాడి అన్నరు. అనాగరికులు అన్నరు. కూలినోళ్ళల్ల కవులు ఉన్నరు, నిజం. కవుల మీద మాకు పగ లేదు. ఆ దినం ఆ కోపం వాళ్ళ మీద పడకుంటే బాగుండు. కని రాళ్ళ కోసం ఏడ్చిన ఆ పెద్దమనుషులు, యూనివర్సిటీలల్ల, ఊర్లల్ల పోరగాండ్లు పాణాలు తీస్కుంటుంటే ఎన్ని కన్నీళ్ళు కార్చిండ్రు? జవాబు వాళ్ళే చెప్పాలె.

సరే, 2014 జూన్ 2న రాష్ట్రం ఒచ్చింది. ఇప్పుడు మన దిక్కు మనం చూసుకుందాం. ఎందుకంటే ట్రఫాల్గర్‌ల నన్ను ఎక్కువ కలిచింది హేవ్‌లాక్ కాదు. నెల్సన్ స్తంభం అడుగున ఒక కంచు పలక ఉన్నది. నెల్సన్ ఒరిగిపోతున్న చిత్రం. అండ్ల తుపాకి పట్టుకున్న ఒక నల్లజాతి నావికుడు కనవడ్తడు. బొమ్మ ఉన్నది, పేరు లేదు. మన అమరుల గతి గూడ గిదే అయితున్నది గదా!

1969ల 369 మంది అన్నం. గన్‌పార్క్‌ల ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం లేసింది. మలిదశల 1200 మంది అని మైకులల్ల మొత్తుకున్నం. సర్కారు సాయం అందిన కుటుంబాలు అంతకన్న చాన తక్కువ. మరి మిగిలినోళ్ళు ఎవరు? మనం చెప్పిన లెక్క తప్పా, సర్కారు రాసిన జాబితా తప్పా? 2023ల హుస్సేన్‌సాగర్ ఒడ్డున అమరజ్యోతి లేసింది. మెరిసే ఉక్కు, పెద్ద దీపం. మంచిదే. కని కొడుకును పోగొట్టుకున్న తల్లికి మెరుపు కాదు, కొడుకు పేరు కావాలె. ఊరు పేరుతోని, ఇంటి పేరుతోని, రాతి మీద.

ఇంకో మాట. ట్రఫాల్గర్‌ల 1887ల సభ వద్దని పోలీసులు జనాన్ని చితకగొట్టిండ్రు. జనం ఇడిసిపెట్టలే. 1958ల అణుబాంబు వద్దన్నోళ్ళు అక్కడి నుంచే నడిచిండ్రు. 1980లల్ల దక్షిణాఫ్రికా దౌత్య భవనం ముందట ఏండ్లకేండ్లు పికెటింగ్ చేసిండ్రు. చౌరస్తాను బతికించేది విగ్రహం కాదు, జనం. మరి ఉద్యమంతోని పుట్టిన రాష్ట్రంల 2017ల ఇందిరాపార్క్ ధర్నా చౌక్‌ను ఎత్తేసిండ్రు. హైకోర్టు చెప్తే గాని తిరిగి తెరవలే. ధర్నాలతోని గద్దెనెక్కి ధర్నా జాగనే బందువెట్టుడు ఏం న్యాయం?

అందుకే అడుగుతున్నం. గద్దె మీద ఎవరున్నా సరే, ఊరూరు తిరిగి అమరుల జాబితా తియ్యాలె. ప్రజల ముందట పెట్టి తప్పులు దిద్దాలె. ప్రతి పేరు చెక్కాలె. పేరు లేని స్తూపానికి పూలదండ ఎయ్యుడు సులువు, ఎందుకంటే అది ఎవర్నీ నిలదియ్యది.

జోహార్ అమరులకు! జై తెలంగాణ!